కబురు అందినట్టే లెక్క

బురుల్చా పోయిన నలభయ్యో రోజు భోజనంలో జూరాకాన్ ముందు వెన్నుపూస ముక్క పెట్టారు.

కొండల్లోని మా కొచ్‌కోర్ వైపు గొర్రెని కోస్తే ఏ ఎముక ఎవరిదో ఒకరు చెప్పనక్కర్లేదు. తుంటి ముక్క పెద్దవాళ్ళది. వెన్నుపూస నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన కోడలిది. జూరాకాన్‌కి అరవై దాటాయి. ఆ ఇంటికి పెద్ద తోడికోడలు. చనిపోయినావిడతో ఒకే గోడకి అటూ ఇటూ కాపురం చేసి, ముసలితనం దాకా వచ్చిన మనిషి. పళ్ళెం మోసుకొచ్చిన పిల్ల దాన్ని దించి గబగబా వెనక్కి తిరిగింది. తానేం పెడుతోందో, ఎవరికి పెడుతోందో ఆ పిల్లకి తెలుసు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు పళ్ళెం వంక ఒకసారి, జూరాకాన్ ముఖం వంక ఒకసారి చూసి, టీ గిన్నెలు ఊదుకోవడంలో పడిపోయారు.

జూరాకాన్ చాకు అందుకుంది. మాంసం కోసి, పద్ధతి ప్రకారం పక్కనున్న పసిదాని నోట్లో ఒక ముక్క పెట్టి, మిగిలింది తాను తింది. చివర్లో అందరితో పాటు చేతులు చాపి దీవెన అంది. గుమ్మం దగ్గర తన రబ్బరు జోళ్ళు వెతుక్కుని తొడుక్కుని వెళ్ళిపోయింది. ఇదేమిటని ఒక్కరినీ అడగలేదు.

ఊరి లెక్క ఇది: బురుల్చా పోయిన కబురు జూరాకాన్‌కి అందింది. అందినా రాలేదు. జూరాకాన్ లెక్క ఇంకొకటి: నా బురుల్చా పోతే నాకు ఎవరూ కబురు పెట్టలేదు. రెండు లెక్కలూ ఎదురెదురుగా కూర్చుని ఒకే గొర్రెని తిని లేచాయి.

మా వాళ్ళకి కబురంటే ఆషామాషీ కాదు. పెళ్ళికి పిలవకపోతే అలిగి ఊరుకుంటారు. చావుకి కబురు పెట్టకపోతే, బంధువు కాదని తేల్చేసినట్టు. కబురు అందాక రాకపోతే, నేను మీ బంధువుని కానని వాళ్ళంతట వాళ్ళే తెంపుకున్నట్టు. రెండిట్లో ఏది జరిగినా దాన్ని మనవళ్ళ కాలం దాకా మోస్తారు.

జూరాకాన్ ఆ వీధికి కోడలిగా వచ్చిన మరుసటి వసంతంలో పక్కింటికి బురుల్చా వచ్చింది. ఇద్దరి మొగుళ్ళూ అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరి అత్తలూ గయ్యాళులు. ఏ అత్త ఎక్కువ గయ్యాళో తేల్చుకోవడానికి ఇద్దరూ గోడ దగ్గర నిలబడి పోటీలు పెట్టుకునేవారు. ఆ పోటీల్లోనే స్నేహం కుదిరింది. తర్వాత ఇద్దరూ కలిసి ఉన్ని తివాచీలు చేయడం మొదలుపెట్టారు. ఉన్ని పరిచి, మరిగే నీళ్ళు పోసి, రెల్లు చాపలో చుట్టి, ఊళ్ళో పిల్లలందరినీ పోగేసి ఆ చుట్టని వీధి పొడవునా తన్నించేవారు. ఎర్రదీ నల్లదీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే కత్తివేటుతో కోస్తే, దీని బొమ్మ దాన్లో, దాని బొమ్మ దీన్లో అతుకుతుంది. ఎప్పుడు చేసినా రెండు తివాచీలు. ఒకటి ఆ ఇంటికి, ఒకటి ఈ ఇంటికి.

"ఇవేం పొట్టేలు కొమ్ములే, మా అత్త కనుబొమల్లా ఉన్నాయి" అనేది జూరాకాన్.

"అందుకే అక్కా, కాళ్ళ కింద వేసుకుని తొక్కుతావని గీశా" అనేది బురుల్చా.

ఒకసారి ఊళ్ళో ఒక ముసలావిడ పోతే చివరి స్నానం చేయించడానికి ఇద్దరినీ పిలిచారు. పని ముగించుకుని ఇంటికి నడిచి వస్తుంటే బురుల్చా అంది:

"అక్కా, నేను ముందు పోతే నా మీద నీళ్ళు నువ్వే పొయ్యాలి. మన వీధి సోనున్‌బూని దగ్గరికి రానివ్వకు. దాని చేతులు మంచుగడ్డలు."

"మరి నేను ముందు పోతేనో?"

"నువ్వెక్కడ పోతావ్. నీకంత తీరికేదీ."

నవ్వుతూ అన్న మాటే. కానీ మా దగ్గర నవ్వుతూ అన్నా ఆ మాట మాటే. నా స్నానం ఫలానా మనిషి చేయించాలి అని చెప్పి పోతే, ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నా రావాలి. వచ్చేదాకా ఆగుతారు.

జూరాకాన్ భర్త పాల లారీ నడిపేవాడు. గుండెపోటుతో పోయాడు. ఒక్కతే కూతురు, తలాస్‌లో కాపురం. ఏటా ఎండాకాలం రాగానే జూరాకాన్ తన ఆడగుర్రాల్నీ, ఊళ్ళో మరికొందరి గుర్రాల్నీ తోలుకుని ఎగువ మేతకి పోతుంది. చలి మొదలయ్యేదాకా అక్కడే గుడారంలో ఉండి, పాలు పులియబెట్టి కుమిస్ చేసి దింపుతుంది. పక్క గుడారం వాళ్ళు వేరే ఊరివాళ్ళు, వేరే వంశం.

ఇక ఆ యాప్ సంగతి. దాని అసలు పేరు చెప్పను. ఆ కంపెనీకి ఉచితంగా ప్రచారం చేసే పని నాది కాదు. గుర్తుగా చిన్న పిట్ట బొమ్మ ఉంటుంది కాబట్టి మా ఊళ్ళో దాన్ని గువ్వ అంటారు. జూరాకాన్ అన్న కూతురు బేగాయిమ్, ఊరి పిల్లల బడిలో టీచరమ్మ, తన పాత ఫోన్ అత్తకిచ్చి గువ్వ పెట్టిచ్చింది. "సారిబగిష్ బంధువులు" అనే మా వంశం గ్రూపులో చేర్పించింది. మొదట్లో గ్రూపులో పెళ్ళి ఫొటోలు, తప్పిపోయిన దూడలు. తర్వాత పశువుల డాక్టరు వచ్చే రోజు, కరెంటు పోయే వేళ, కాలవ నీటి వంతు. ఆ తర్వాత చావులు. ముందు గుర్రమెక్కి వెళ్ళి చెప్పి, ఆపైన గువ్వలో పెట్టేవారు. తర్వాత గువ్వలో పెట్టి, ఆపైన గుర్రమెక్కేవారు. చివరికి గుర్రాన్ని విప్పడమే మానేశారు.

జూరాకాన్‌కి గువ్వ నచ్చింది. అబద్ధమెందుకు? ఎగువ మేతలో కొండకొమ్ము ఎక్కితే బురుల్చా గొంతు వినబడేది. "అక్కా, నీ కోడి మా ఇంట్లో గుడ్డు పెట్టింది. గుడ్డు నాది, కోడి నీది" లాంటి కబుర్లు. ఒకటికి పదిసార్లు పెట్టుకుని వినేది.

ఒకనాడు గువ్వ తెరుచుకోలేదు. ఈ ఫోన్ పాతదైపోయింది, కొత్తది తీసుకోండి అని తెర మీద రాసింది. ఫోన్‌కి ఏ రోగమూ లేదు. టార్చి వెలుగుతోంది, ఫొటోలు పడుతున్నాయి, మాటలు వినబడుతున్నాయి. గువ్వ మాత్రం రాదు. లోపలున్న బురుల్చా గొంతు బయటికి రాదు. జూరాకాన్ ఆ ఫోన్ని పెట్టెలో దాచి, బటన్ల ఫోన్ కొనుక్కుంది. ఎగువన సిగ్నల్ అందుతుందని వేరే కంపెనీ సిమ్ వేసుకుంది. తెలిసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి "ఇది నా కొత్త నంబరమ్మా, రాసుకోండి" అని చెప్పింది. అందరూ రాసుకున్నారు. పాతది మాత్రం ఎవరూ తుడవలేదు. అలా ఊళ్ళో ప్రతి ఫోన్‌లోనూ ఇద్దరు జూరాకాన్‌లు తయారయ్యారు.

వాడకం లేని పాత నంబరుని కొన్నాళ్ళకి ఫోన్ కంపెనీ ఎవరికో ఇచ్చేసింది. ఆ ఎవరో గువ్వ తెరవగానే, గువ్వ వాళ్ళని జూరాకాన్ లేచి వెళ్ళిన పీట మీదే కూర్చోబెట్టింది. అవే గ్రూపులు, అదే బంధుత్వం. నువ్వు ఆ మనిషివేనా అని కూడా అడగలేదు.

బురుల్చా వేసవి చివర్లో పోయింది. కూతురు జిపార్ గ్రూపులో రెండు ముక్కలు రాసింది: అమ్మ వెళ్ళిపోయింది, ఎల్లుండి మధ్యాహ్నం మట్టి. కింద వరసగా చాచిన రెండు అరచేతుల బొమ్మలు పడ్డాయి. దీవెనప్పుడు చేతులు చాపుతామే, ఆ బొమ్మ. ఆ వరసలో జూరాకాన్ పేరున కూడా ఒకటి పడింది.

బురుల్చా కొడుకు కుబాత్ అప్పటికే గుర్రానికి జీను వేస్తున్నాడు, ఎగువ మేతకి వెళ్ళి పెద్దమ్మని తీసుకురావడానికి. సోనున్‌బూ ఆపింది.

"ఎందుకురా గుర్రాన్ని అలవగొట్టడం? చూసిందిగా, చేతులు కూడా పెట్టింది. ఈపాటికి దారిలో ఉంటుంది."

జిపార్ ఫోన్ చూసింది. నిజమే, ఉంది. తమ్ముడితో "జీను దింపు" అంది. ఎందుకైనా మంచిదని బటన్ల ఫోన్‌కి ఒకసారి కొట్టారు. అందుబాటులో లేదంది. కొండ దిగుతూ ఉండి ఉంటుందిలే అనుకున్నారు.

మట్టి రోజున స్నానం ఆపి ఎదురుచూశారు. కాచిన నీళ్ళు చల్లారాయి. మళ్ళీ కాచారు. ఇక లాభం లేదని పెద్దలన్నాక నీళ్ళు సోనున్‌బూ పోసింది.

అదే వేళకి జూరాకాన్ ఎగువన పాలు పితుకుతోంది. పక్క గుడారం కుర్రాడి జేబులో గువ్వ ఉంది. అదే యాప్, అదే పిట్ట, చెయ్యి చాపితే అందేంత దూరం. కానీ ఆ గ్రూపులో వాడు లేడు.

చలి పడ్డాక కొండ దిగి, బురుల్చా వాటా కుమిస్ పట్టుకుని ఆ ఇంటి గేటు తీసింది. పెరట్లో గడ్డి మీద గుండ్రంగా పచ్చిక చచ్చిన మచ్చ కనబడింది. మా దగ్గర మనిషి పోతే పెరట్లో గుడారం వేస్తారు. తీసేశాక ఆ మచ్చ మిగులుతుంది. జూరాకాన్‌కి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. క్యాను కింద పెట్టి అక్కడే కూలబడి ఏడ్చింది. జిపార్ గుమ్మంలోకి వచ్చి "ఇప్పటికొచ్చారా పెద్దమ్మా" అంది. లోపలికి రమ్మనలేదు. చావు కబురు చల్లగా చెప్పారంటారు. ఇక్కడ చల్లగా కూడా చెప్పలేదు.

నలభయ్యో రోజు వెన్నుపూస ముక్క ఆ తర్వాతిదే. ఇంత జరిగాక జూరాకాన్‌కి మిగిలిన భయం ఒకటే. బురుల్చా బిడ్డల దృష్టిలో తాను ఆ ఇంటి మనిషి కాకుండా పోయింది. అది సరిచేసుకోకుండానే తానూ పోతే?

ముడి విప్పింది, తెలిసో తెలియకో, సోనున్‌బూయే. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉండగా అందుకుంది:

"ఏం జూరాకాన్, మనుషుల్లో కూడా చేతులు చాపుతావా, ఫోన్‌లోనేనా?"

"ఏం చేతులు?"

"అబ్బ, ఏమీ ఎరగదు పాపం! తోడికోడలు పోతే రెండు చేతుల బొమ్మ పడేసి, చేతులు దులిపేసుకున్నావుగా."

"నా ఫోన్‌కి బొమ్మలు రావే తల్లీ. ఇదిగో, చూడు." జూరాకాన్ జేబులోంచి బటన్ల ఫోన్ తీసి చేతిలో పెట్టింది.

సోనున్‌బూ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఒక బటన్ నొక్కింది. అది కీచుమంది.

"మరి మా గ్రూపులో ఉన్నది ఎవరే?"

"దెయ్యం" అంది రొట్టెలమ్మే ఆవిడ. "అయినా నిన్న నా మనవడి పుట్టినరోజుకి కేకు బొమ్మ పెట్టిందిలే. మర్యాద తెలిసిన దెయ్యమే."

వరసంతా నవ్వింది. సోనున్‌బూ నవ్వలేదు. జూరాకాన్ రొట్టె కూడా తీసుకోకుండా బడికి వెళ్ళి, పిల్లల మధ్యలోంచి బేగాయిమ్‌ని బయటికి పిలిచింది. బేగాయిమ్ ఫోన్‌లో వెతికింది. జూరాకాన్ పేరున అరచేతులు, కేకులు, ఒక పెళ్ళికి గుర్రం బొమ్మ, అన్నీ ఉన్నాయి. ఒక్క మాట మాత్రం లేదు. ఆ పాత నంబరుకి అక్కడికక్కడే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఆఁ, చెప్పండి! ఓష్ వెళ్ళడానికేనా? ఒక్క సీటే ఉంది, వెనకాల మధ్యలో. లావుగా ఉంటే ముందే చెప్పండి."

"మీరెవరండీ?"

"బండికి ఫోన్ చేసి బండివాణ్ణి ఎవరంటారేంటి? టాక్సీ ఎర్కిన్‌బాయ్‌ని, జలాల్-అబాద్."

"సారిబగిష్ బంధువుల గ్రూపులో మీరెందుకున్నారు?"

అవతల గొంతు ఒక్కసారి వంగింది. "మేనమామల వాళ్ళా మాట్లాడేది? సలాం, సలాం! క్షమించండి, గుర్తుపట్టలేదు."

అప్పుడు తెలిసింది. ఎర్కిన్‌బాయ్ తల్లి ఈ కొచ్‌కోర్ వైపు పిల్ల, సారిబగిష్ ఆడపడుచు. వాడు చిన్నప్పుడే పోయింది. ఆమె పుట్టింటివాళ్ళని వాడు ఎన్నడూ చూడలేదు. కొత్త సిమ్ వేసుకుని గువ్వ తెరవగానే ఎదురుగా తల్లి వంశం పేరుతో గ్రూపు, వందమంది బంధువులు. ఇన్నాళ్ళకి మేనమామలు తనని వెతికి పట్టుకున్నారని మురిసిపోయాడు.

"మరి జూరాకాన్ వదినా అని పిలిస్తే నన్ను కాదని చెప్పొద్దా?" అంది బేగాయిమ్.

"నన్ను పిలుస్తున్నారని నాకేం తెలుసండీ? వందమందిలో ఒకావిడ అనుకున్నా. ఆవిడ పలకదేంటా అని కూడా అనుకున్నా."

"ఎవరూ తెలీనప్పుడు బయటికి వచ్చెయ్యొచ్చుగా?"

"అదెక్కడి మాట అక్కా! వచ్చేస్తే, ఫలానావాడు వెళ్ళిపోయాడు అని అందరికీ కనబడేలా రాస్తుందది. మేనమామల ఇంట్లోంచి చెప్పకుండా లేచిపోయిన మేనల్లుడు అనిపించుకోనా? అందుకని నోరు మూసుకుని కూర్చున్నా. మంచికి కేకు, చెడ్డకి చేతులు."

జూరాకాన్ ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. ఏం జరిగిందో నెమ్మదిగా చెప్పింది. అవతల బండి తలుపు మూసుకున్న చప్పుడైంది, హారన్లు అణిగాయి.

"పెద్దమ్మా" అన్నాడు, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"నాకు చెప్పిందే ఇంకొకళ్ళకి చెప్పు బాబూ. నా నోటితో చెబితే సాకనుకుంటారు."

బేగాయిమ్‌ని వెంటబెట్టుకుని జూరాకాన్ జిపార్ ఇంటికి వెళ్ళింది. జిపార్ పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. ఎవరొచ్చారో చూసి మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. బేగాయిమ్ మళ్ళీ ఆ నంబరుకే కలిపి, స్పీకర్ పెట్టి, ఫోన్ రొట్టెల పీట మీద ఉంచింది.

"చెల్లెమ్మా, ఆ చేతులు నావి" అన్నాడు ఎర్కిన్‌బాయ్. "ఉత్తినే నొక్కలేదు తల్లీ. టీ కొట్టు దగ్గర బండి ఆపి, నిజంగానే చేతులు చాపి మీ అమ్మగారి కోసం దీవెన చదివా. ఎక్కినవాళ్ళు తిట్టారు కూడా. అదొచ్చి పెద్దమ్మ మెడకి చుట్టుకుంటుందని నాకు తెలీదు."

జిపార్ పిండి చేతులతోనే కింద కూర్చుంది. పొయ్యిలో రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. బేగాయిమ్ వెళ్ళి తీసింది.

"మీరెందుకు అడగలేదు పెద్దమ్మా? ఒక్క మాట అడగొచ్చుగా?"

"నాకు కబురెందుకు పెట్టలేదని ఏ మొహంతో అడగనే? నువ్వెందుకు అడగలేదు?"

"మీరు చూశారనుకున్నా. తమ్ముడు జీను కూడా వేశాడు. దింపమంది నేనే."

జూరాకాన్ అడిగిన మాట ఒక్కటే.

"నీళ్ళు వేడిగా పోశారా?"

"వేడిగానే పెద్దమ్మా. మీకోసం చూసి చూసి రెండోసారి కాచాం."

అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. పీట మీద ఫోన్‌లో ఎర్కిన్‌బాయ్ ముక్కు ఎగబీల్చడం వినబడింది. "ఉంటానండీ, సీటు నిండింది" అని పెట్టేశాడు.

కన్నీళ్ళు తుడుచుకున్నాక జిపార్ మంచి మనసుతోనే ఒక మాట అంది: "పెద్దమ్మా, అందరం కలిసి మీకు మంచి ఫోన్ కొంటాం. మళ్ళీ గువ్వలో చేరండి. ఇంకెప్పుడూ ఇలా కాదు."

"అంటే మళ్ళీ నన్నే బాగుచేస్తారన్నమాట" అంది జూరాకాన్. "జీను వంకరైతే గుర్రం వీపు చెక్కుతారుటే?"

ఆ మాట దగ్గర మనం ఆగాలి. ఎందుకంటే మనందరం జిపార్ అన్నదే అంటున్నాం. చేరని మనిషిని మొండిదంటాం, వెనకబడ్డదంటాం. కొత్త ఫోన్ కొనిచ్చి పుణ్యం కట్టుకుంటాం. బడి, పశువుల డాక్టరు, ఊరి ఆఫీసు, కాలవ మనిషి అందరూ ఒకే కంపెనీ వాకిట్లో నిలబడి, లోపలికి రానివాళ్ళది తప్పంటాం. ఆ వాకిలి ఎవరిదో, తాళం ఎవరి దగ్గరుందో అడగం.

బేగాయిమ్ అడిగింది. కంపెనీకి రాసింది: ఈ నంబరు మా అత్తది కాదు, ఆమె పేరున ఉన్న చోట ఇంకెవరో ఉన్నారు, సరిచేయండి అని. మనిషి జవాబివ్వలేదు, యంత్రం ఇచ్చింది: ఆ నంబరు మీదేనని రుజువు చేయడానికి, ఆ నంబరుకే పంపిన అంకెలు చెప్పండి. అంకెలు ఎర్కిన్‌బాయ్‌కి వెళ్ళాయి. పాపం, బండి ఆపి చదివి వినిపించాడు. అవి కొట్టాక, కొత్త ఫోన్‌తో రండి అంది. పాత ఫోన్‌లో ఉన్న చనిపోయినావిడ గొంతైనా బయటికి తీసివ్వండని ఇంకోసారి రాసింది. మా సేవ మీకు నచ్చిందా, అయిదు చుక్కల్లో ఎన్నిస్తారు అని వచ్చింది.

ఇక చేసేది లేక ఎర్కిన్‌బాయ్ తానే గ్రూపులోంచి బయటికి వచ్చాడు. మరుక్షణం వందమంది ఫోన్లలో ఒక ముక్క మెరిసింది: జూరాకాన్ వెళ్ళిపోయారు.

ఇన్నాళ్ళుగా మోగని బటన్ల ఫోన్ ఆ సాయంత్రం మోగుతూనే ఉంది. "ఏంటి వదినా, అలిగావా?" "ఏమన్నామని వెళ్ళిపోయావు పిన్నీ?" "పెద్దమనిషివి నువ్వే ఇలా చేస్తే ఎలా?" చావు కబురు చెప్పడానికి గుర్రం దొరకలేదు గానీ, అలక తీర్చడానికి ఊరంతా నంబరు వెతికి పట్టుకుంది.

జూరాకాన్ ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది: "నేను వెళ్ళలేదమ్మా. నేను అసలు అక్కడ లేనే లేను. మీరు చూసుకోలేదు."

ఆ వారం పెద్దలు కూర్చున్నారు. కుబాత్ లేచి, చావు కబురు ఇకమీద ఫోన్‌లో పెడితే చెప్పినట్టు కాదన్నాడు. అవతలి మనిషి గొంతు వినాలి, లేకపోతే గుర్రం కదలాలి, అప్పుడే అందినట్టు అన్నాడు. వందమందికి ఎవడు ఫోన్లు చేస్తాడని ఒకాయన విసుక్కున్నాడు. "నీ చావుకి చెయ్యంలే, కూర్చో" అంది సోనున్‌బూ. అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఒక ముసలాయన పోతే కుబాత్ నిజంగానే గుర్రమెక్కాడు. ఎగువ చలికాలపు దొడ్ల దాకా వెళ్ళి చెప్పి వచ్చాడు. ఇంత మాత్రం మేం చేసుకోగలిగాం.

మిగిలింది మా చేతుల్లో లేదు. పశువుల డాక్టరు వచ్చే రోజు ఇప్పటికీ గువ్వలోనే పెడతారు. మొన్న జూరాకాన్ దూడలకి సూది పడలేదు. అడిగితే "గువ్వ పెట్టుకోవచ్చుగా" అన్నారు.

ఒక ఫోన్ కంపెనీ సిమ్ నుంచి ఇంకో కంపెనీ సిమ్‌కి ఫోన్ చేస్తే మోగుతుంది. ఉత్తరం ఏ ఊళ్ళో డబ్బాలో వేసినా చేరుతుంది. ఈ యాప్ నుంచి ఆ యాప్‌కి, ఆ యాప్ నుంచి మామూలు బటన్ల ఫోన్‌కి మాట ఎందుకు దాటదు? దాటించడం చేతకాక కాదు. దాటితే మనం కదిలిపోతామని. మన అమ్మలు, తోడికోడళ్ళు, మేనమామలు లోపల ఉన్నంతకాలం మనం బయటికి పోలేమని ఆ కంపెనీల వాళ్ళకి తెలుసు. వాళ్ళు అమ్ముకుంటున్నది యాప్ కాదు. ఒకరిమీద ఒకరికున్న మమకారానికి గోడ కట్టి, ఆ గోడని అమ్ముకుంటున్నారు. గోడ కట్టినవాడికి లోపలున్నవాళ్ళ బాధ్యత కూడా ఉండాలి. నంబరు చేతులు మారితే ఆ పీట ఖాళీ చేయాలి. ఫోన్‌ని పాతదని తోసేసే ముందు అందులోని మాటలు ఆ మనిషికి తిరిగివ్వాలి. వెళ్ళేవాణ్ణి దండోరా వేయకుండా వెళ్ళనివ్వాలి. మొరపెట్టుకుంటే వినడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలి.

చదువుతున్న మీకు నా మనవి. జూరాకాన్‌ని చూసి జాలిపడి పేజీ తిప్పెయ్యకండి. మీ పిల్లల బడికి, మీ ఊరి ఆఫీసుకి, మీ ఆస్పత్రికి వెళ్ళి ఒక కాగితం ఇవ్వండి: ఏ కబురైనా యాప్‌లో పెట్టారు సరే, మామూలు ఫోన్‌కి కూడా పంపాలి, గోడ మీద కూడా అంటించాలి అని. మీ ఓటు అడగడానికి వచ్చేవాణ్ణి ఆపి అడగండి: ఫోన్లు దాటినట్టే ఈ యాప్‌ల మధ్య మాటలు దాటాలని చట్టం ఎప్పుడు తెస్తావని. వాడు తెల్లమొహం వేస్తే విడమరిచి చెప్పండి, పక్కవాణ్ణి కూడా అడగమనండి. ఆ కంపెనీకి రాయండి. యంత్రమే జవాబిస్తుంది, అయినా రాయండి. వందమంది రాస్తే యంత్రం, లక్షమంది రాస్తే మనిషి పలుకుతాడు.

దానికంటే ముందు, ఇవాళే, మీ గ్రూపు తెరిచి ఆ పేర్లు పైనుంచి కిందదాకా ఒకసారి చదవండి. బొమ్మలు తప్ప మాట పలకని పేరు ఒకటైనా దొరుకుతుంది. ఆ మనిషికి ఫోన్ చేయండి. గొంతు వినండి. ఫోన్ ఎత్తకపోతే, లేచి వెళ్ళండి.